నడిదిబ్బకు పోయే పుట్టి

ఆ ఏడు చెరువు నిండి, నీళ్ళు కట్ట చివర అలుగు దుంకాయి. దేశాల మధ్య పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు అది. అలుగు చప్పుడు మా గుడిసెలోకి వినపడేది. వంట చేస్తున్నా, ప్రార్థన చేస్తున్నా వినపడేది. కొన్నాళ్ళకు చెవులు దాన్ని వినడం మానేశాయి. గాలి అటు తిరిగి చప్పుడు ఆగినప్పుడు మాత్రం అందరం తలెత్తి చూసేవాళ్ళం.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నడుమ ఒక గుట్ట ఉంది. నీళ్ళు తక్కువైన ఏడు మేకలు దాని దాకా నడిచిపోతాయి. నిండిన ఏడు చుట్టూ నీళ్ళు కమ్ముకుని అది దీవి అవుతుంది. దాన్ని నడిదిబ్బ అంటాం. దాని మీద తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, బండలు తప్ప ఏమీ లేవు. తంగేడు చెక్కతో తోలు పదును చేస్తారు కాబట్టి మా ఇంటికి ఆ దిబ్బతో పని. ఊళ్ళో మరెవరికీ లేదు.

మా ఇంటి పని పుట్టి. వెదురుతో ఎద్దుబండి చక్రమంత తట్ట అల్లి, కింద బర్రె తోలు తొడిగి కుడితే పుట్టి అవుతుంది. చెరువు నిండితే అవతలి చేలకు పోయే మనుషులను దాటించేది మేమే. బదులుగా పంటల నాడు ఊరి కల్లాల్లో మాకు గింజలు కొలిచేవాళ్ళు. అది మా తాతల నుంచి వచ్చిన హక్కు. మిరాసి అనేవాళ్ళం. అది ఉంటే ఆ ఊళ్ళో మాకు చోటు ఉన్నట్టు.

ఆ ఎండాకాలం మోట తాడు తెగి మా బాపు వీరస్వామి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది కాని చెయ్యి భుజం దాటి లేవలేదు. చెరువు నిండిన వారానికి ఇంద్రసేనా రెడ్డి పటేలు కట్ట మీదికి వచ్చాడు. వెంట మా పెదబాపు కొడుకు సీమోను ఉన్నాడు.

"ఏందిరా ఈరస్వామి, ఒంటి చేత్తోటి తెడ్డేస్తవా?" అన్నాడు పటేలు.

"ఏస్త పటేలా. జర దినాలు పోతే చెయ్యి లేస్తది."

"నీ చెయ్యి లేసేదాంక చెరువు ఆగుతదా?"

సీమోను నవ్వాడు. "నీ పుట్టి బొంగరం లెక్క తిరుగుతది గాని ఒడ్డుకు రాదు, కాకా. నాకియ్యి. నీకింత బువ్వ నేనే వెడ్త."

"నీ బువ్వతోటి నీ పెండ్లాం మాటలు గూడ తినాల్నారా?" అన్నాడు బాపు.

పటేలు కూడా నవ్వాడు. నవ్వాక మాట చెప్పాడు. "దసరా దాంక సూస్త. గప్పటికి మీ ఇంట్ల తెడ్డు వట్టేటోడు లేకుంటే మిరాసి సీమోనుకిస్త. మల్ల నన్ననొద్దు."

మా ఇంట్లో బాపు, నేను. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా పేరు సుసన్న.

*

భాద్రపదంలో ఒక పొద్దున మీర్‌పేట తోవన మోటారు వచ్చింది. అద్దాలకు పరదాలు కట్టి ఉన్నాయి. అది కట్ట చివరి బంగళా ముందు ఆగింది. బంగళా తలుపు నుంచి మోటారు తలుపు దాకా రెండు దుప్పట్లు పట్టారు. ఆ దుప్పట్ల నడుమ ఎవరో నడిచి లోపలికి పోయారు. పట్నంలో ఒక నవాబు దేవిడీ కోడలు, హకీము గాలి మార్పు చెప్పాడు అని ఊళ్ళో అనుకున్నారు. ఎందుకు చెప్పాడో ఎవరికీ తెలియదు. నేను తర్వాత కూడా అడగలేదు.

గాలి మార్పుకు వచ్చిన మనిషి కిటికీలు తెరవడానికి లేదు. కట్ట మీద మనుషులు నడుస్తుంటారు. పరదా సందులోంచి ఆమెకు కనపడేది నడిదిబ్బ ఒక్కటే అట. అక్కడ మనుషులు లేరు.

ఆమె దాసి జైనబ్బి మా గుడిసెకు వచ్చింది. హయత్‌నగర్ పక్కన పుట్టిన మనిషి. మా మాటే మాట్లాడేది.

"పుట్టి ఈరస్వామివి నువ్వేనా? మా దుల్హన్ పాషా దిబ్బ కాడికి వోతదట."

"పోనియ్యి. వద్దన్నదెవలు?" అన్నాడు బాపు.

"పోనియ్యంటే గాదు. నడిపేదెవలు? నువ్వు నడిపితే నా నెత్తి మెడ మీద ఉండది. మొగోని నీడ వడొద్దు. ఆడిమనిషి కావాలె."

"ఆడిమనిషి పుట్టి నడుపుడు యాడన్న ఉన్నదా?"

"తోలు మీద కూసోని నీళ్ళల్ల వోవుడు యాడన్న ఉన్నదా? మీరు పోతలేరా?"

బాపు నా వైపు చూశాడు. పొయ్యి ముందు కూర్చున్న నేను లేచి నిలబడ్డాను.

"జర దినాలియ్యి దీనికి," అన్నాడు.

పుట్టికి ముందు వెనుక ఉండవు. తెడ్డు పక్కన వేస్తే అక్కడే గిర్రున తిరుగుతుంది. పోయే దిక్కు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళను తన వైపు గుంజుకోవాలి. బాపు కట్ట మీద కూర్చుని చెప్పేవాడు. నేను తిరిగేదాన్ని. బట్టలు ఉతికే ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

"సుసన్నా, వెన్న చిలుకుతున్నవా?" అని ఒకామె అరిచింది.

"ఎన్నొస్తే నీకే ఇస్త," అన్నాను. ఆ మాట అనేలోపు మరో రెండు చుట్లు తిరిగాను.

"నీళ్ళను కొట్టకు బిడ్డా," అన్నాడు బాపు. "గుంజుకో. సుట్టాన్ని ఇంట్లకు పిలిచినట్టు గుంజుకో."

ఆ మాటకు చెయ్యి కుదిరింది.

*

మొదటి రోజు కట్ట మీద ఎవరూ లేకుండా పటేలు చూశాడు. దుల్హన్ పాషా నల్ల బురఖాలో వచ్చి పుట్టి నడుమ కూర్చుంది. రెండు చేతులతో అంచు పట్టుకుంది. సగం దూరం పోయాక వెనక్కి చూసింది. కట్ట మీద ఉన్నవి మనుషులో రాళ్ళో తెలియనంత దూరం వచ్చామని చూసుకుని బురఖా తల మీదికి ఎత్తింది. నా ఈడు మనిషి. నీళ్ళ వెలుతురుకు కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరిచింది.

దిబ్బ మీద చెప్పులు విప్పింది. బండ మీద నిలబడింది. అంతే. చాలాసేపు నిలబడే ఉంది. జైనబ్బి కర్రతో పొదలు కొట్టి పాములను వెళ్ళగొడుతూ తిరిగింది. ఒక్క పామూ కనపడలేదు. కొంగలు లేచి పోయి మళ్ళీ వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె పుట్టి లోపలి అతుకు మీద వేలు పెట్టింది. తురకంలో అడిగింది, ఇది ఎవరు కుట్టారని. బజారు తురకం నాకు వచ్చు. మా అమ్మ, బాపు అన్నాను.

"ఇద్దరు ఎందుకు?"

పుట్టిని నిలబెట్టి కుడతారని చెప్పాను. ఒకరు లోపల, ఒకరు బయట. ఆరెతో తోలుకు బెజ్జం పొడిచి, తోలు వారు ఇటు నుంచి అటు ఇస్తారు. అవతలి మనిషి కనపడదు. వారు గుంజిన తీరును బట్టి తెలుసుకోవాలి. ఇద్దరూ ఒక్క తీరుగా గుంజితేనే నీళ్ళు రావు. కుట్టడం అయ్యాక ఆ ఇద్దరూ ఒకటే దాంట్లోంచి పంచుకు తినాలి. తినకపోతే ఆ పుట్టి నమ్మరాదు.

ఆమె విన్నది. ఆమె జరీ పని చేస్తుందని, సూది చేతిలో లేకపోతే ఆమెకు తోచదని జైనబ్బి చెప్పింది.

రెండోసారి ఆమె ఒక పెట్టె తెచ్చింది. ముందు రెండు అద్దాలు, వెనుక అట్ట పెట్టే చోటు. అట్ట మీద ఒకే బొమ్మ రెండుసార్లు ఉంటుంది. అద్దాలకు కళ్ళు ఆనిస్తే రెండూ ఒకటై, బొమ్మలోని మనుషులు లేచి నిలబడతారు. నేను పెట్టె పక్కకు చెయ్యి పెట్టి తడిమాను. ఏమీ లేదు.

"ఇదేడ?" అన్నాను.

"హవాయి," అంది ఆమె. సముద్రం నడుమ దీవులట. అందులో ఒక దీవి దగ్గర అసలు సందడి ఉండదట. చూడడానికి మనుషులు ఓడలెక్కి అక్కడికి పోతారట.

"ఏం జూస్తరు?"

ఆమె ఒక అట్ట తీసి పెట్టింది. నీళ్ళ ఒడ్డున నలుగురు కూర్చుని ఉన్నారు. ఎదురుగా పొద్దు కుంకుతోంది.

"ఏం జేస్తున్నరు వీళ్ళు?"

"ఏమీ లేదు. చూస్తున్నారు."

"సప్పుడు లేకుండ కూసునేతందుకు ఓడెక్కాల్నా?" అంది జైనబ్బి. "మా అత్త సచ్చినంక మా ఇంటికొస్తే అయిపోవు గదా."

దుల్హన్ పాషా నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారని జైనబ్బి ముఖం చూస్తే తెలిసింది.

ఇంకో అట్టలో, పడవ దిగిన మనిషి మెడలో ఎవరో పూలదండ వేస్తున్నారు. దీవికి వచ్చిన ప్రతి మనిషికీ వేస్తారట.

"అల్లుండ్లకే గాదా?"

"అందరికీ."

మూడోసారి నేను పొద్దున్నే ఒక్కదాన్నే పోయి, దిబ్బ మీది తంగేడు పూలు, గునుగు పూలు గుచ్చి దండలు చేసి పెట్టి వచ్చాను. ఆమెను తీసుకుపోయి, ఆమె పుట్టి దిగగానే మెడలో ఒకటి వేశాను. జైనబ్బికి కూడా వేశాను.

"ఊకో పోరీ, నేనేమన్న బతుకమ్మనా?" అంది జైనబ్బి. కాని తీయలేదు.

తర్వాత ప్రతిసారీ ఒక బొమ్మ. హవాయిలో గుంత తవ్వి, నిప్పుల మీద ఆకులు పరిచి చేపలు ఉడికిస్తారని చూశాం. మేం మోదుగాకుల్లో బొచ్చె చేప చుట్టి బూడిదలో పెట్టాం. హవాయిలో కొండ మీంచి నీళ్ళు దూకుతాయి. మేం దిబ్బ చివరి బండ మీద కూర్చుని మా అలుగు విన్నాం. అక్కడ చాలా రోజుల తర్వాత నాకు అలుగు చప్పుడు మళ్ళీ వినపడింది. ఆమె నా దగ్గర మాటలు నేర్చుకుంది. కొంగ, తెడ్డు, పుట్టి, రేపు. రేపు అన్న మాట ఎక్కువ వాడేది. పుట్టి దిగేటప్పుడు నా వైపు చూసి, "రేపు?" అనేది. "అవ్, రేపే," అనేదాన్ని.

రాత్రి కన్న కల పొద్దున సగం గుర్తుంటుంది. ఆ వారాలు నాకు అట్లా గుర్తున్నాయి. నీళ్ళ మీద ఎండ, తట్టలో మా ముగ్గురి నీడ, ఎవరూ మాట్లాడకపోవడం. ఒడ్డు చేరగానే ఆమె మళ్ళీ నల్లబట్ట అయ్యేది. నేను మళ్ళీ వీరస్వామి బిడ్డనయ్యేదాన్ని.

ఇంటికి వస్తే బాపు అడిగేవాడు, "పటేలు సూసిండా?"

"ఏడ సూస్తడు? నేనొస్తుంటే మొఖం అటు తిప్పుకుంటడాయె."

"గదే నా ఫికర్," అనేవాడు బాపు. "నువ్వెట్ల నడుపుతవో ఆయన సూడనే లేదు. దసరా నాడు ఏమని అడగాలె?"

సంగతి జైనబ్బికి చెప్పాను. ఆమె దుల్హన్ పాషాకు చెప్పింది.

*

దసరాకు ముందు, సద్దుల బతుకమ్మ నాడు ఆమె ఆ మొదటి బొమ్మ అడిగింది. ఏమీ చేయకుండా కూర్చుని పొద్దు కుంకడం చూసే బొమ్మ. అంటే సాయంత్రం దాకా దిబ్బ మీద ఉండాలి.

ఊరంతా ఆ రోజు పూల కోసం తిరుగుతోంది. పుట్టి ఒడ్డున కనపడితే ఎవరైనా ఇటు వస్తారని జైనబ్బి భయం. నేను పుట్టిని బండల వెనక్కి ఈడ్చి బోర్లించాను. పుట్టిని నీళ్ళలో వదిలేస్తే తోలు మెత్తబడి కుళ్ళుతుంది. ఎండలో వదిలేస్తే పగులుతుంది. అందుకే బోర్లించిన ప్రతిసారీ అతుకు మీద తడిగడ్డి కప్పాలి. మా ఇంట్లో నడక వచ్చిన పిల్లకు చెప్పే మొదటి మాట అది. అప్పటికి అక్కడ నీడ ఉంది. కాసేపయ్యాక కప్పుదాం అనుకున్నాను.

దుల్హన్ పాషా పెట్టె నా చేతికి ఇచ్చి, అన్నీ చూడు అంది. నేను అద్దాలకు కళ్ళు ఆనించాను. అట్ట తర్వాత అట్ట పెట్టుకుంటూ పోయాను. ఇసుక, పడవలు, నెత్తిన పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఒక బొమ్మలో ఒక స్త్రీ ఒడ్డున నిలబడి నా వైపే చూస్తోంది. ఆమె ఇంకాసేపటికి ఏదో అంటుందని నాకు అనిపించింది. నేను పెట్టె దించేసరికి పొద్దు పడమటికి దిగి ఉంది. నీడ బండకు అవతలి వైపు పోయింది.

పుట్టిని నీళ్ళలో పెట్టాను. అతుకు దగ్గర జానెడు మేర వారు తెగి, తోలు నోరు తెరిచింది. నీళ్ళు లోపలికి వచ్చాయి.

మేం పొద్దు కుంకడం చూడనే లేదు. కట్ట మీద మనుషులు గుమికూడారు. పిలుస్తున్నారు. మాటలు అందలేదు, పటేలు గొంతు మాత్రం తెలిసింది. సీమోను తాటి మొద్దులు దొర్లించి తెప్ప కడుతున్నాడు.

"వాడొస్తే?" అంది దుల్హన్ పాషా.

"వాడొస్తే ఇంగ దిబ్బ లేదు, పుట్టి లేదు," అంది జైనబ్బి. "నా నెత్తి గూడ లేదు."

పుట్టిలో ఆరె, వార్ల కట్ట ఎప్పుడూ ఉంటాయి. వారు నీళ్ళలో నానవేసి, పుట్టిని అంచు మీద నిలబెట్టాను. జైనబ్బిని బయట కూర్చోమన్నాను. ఆమె మొదటి వారే జారవిడిచింది.

దుల్హన్ పాషా ఆమెను పక్కకు జరిపి కూర్చుంది.

"ఇది సచ్చిన బర్రె తోలు, పాషా," అన్నాను. "మీరు ముట్టేది గాదు."

ఆమె మా మాటలోనే అంది. "లోపల నువ్వు. బయట నేను."

నేను లోపలికి పోయాను. ఆమె కనపడలేదు. నా ముందు తోలు, దాని మీద అవతలి వెలుతురు. బెజ్జం పొడిచి వారు ఇచ్చాను. అవతల చెయ్యి దాన్ని పట్టుకుంది, గుంజింది. నేను గుంజినంతే గుంజింది. మళ్ళీ ఇచ్చింది. కొంతసేపటికి నేను ఇవ్వకముందే ఆమె వేళ్ళు తోలు మీద ఎదురుచూస్తున్నట్టు తెలిసేది. కట్ట మీద అరుపులు ఆగాయి. తెప్ప నీళ్ళలోకి దించిన చప్పుడు వచ్చింది.

ముడి వేసి, మధ్యాహ్నం వండిన చేప కొవ్వు అతుకుకు రుద్దాను. పుట్టిని నీళ్ళలోకి తోస్తుంటే దుల్హన్ పాషా, "ఆగు," అంది. చెట్టు నుంచి ఒక సీతాఫలం తెంపి రెండుగా విప్పింది. సగం నాకు ఇచ్చింది. సగం తాను నిలబడే తిన్నది. గింజలు నీళ్ళలోకి ఊసింది. జైనబ్బి మా వైపు చూడకుండా అటు తిరిగి నిలబడింది.

అప్పుడు ఎక్కాం.

*

ఎదురుగాలి. తెప్ప మీద సీమోను మాకు ఎదురుగా వస్తున్నాడు. పుట్టి కదలడం చూసి పటేలు కట్ట మీంచి అరిచాడు. "జనానా వస్తున్నది! ఎన్కకు రారా సీమోనూ! అందరు మొఖాలు తిప్పుండ్రి!"

సీమోను తెప్ప మీదే అటు తిరిగి, మాకు వీపు పెట్టి, ఒడ్డుకు తెడ్డు వేసుకున్నాడు. కట్ట మీది మగవాళ్ళందరూ తిరిగారు. నేను ఆ వీపుల వరసను చూసుకుంటూ నీళ్ళను గుంజాను. జైనబ్బి చేపల గిన్నెతో నీళ్ళు తోడింది. ఎక్కువ రాలేదు. పుట్టి ఒక్కసారి కూడా తిరగలేదు. అది చూసిన వాళ్ళు లేరు.

ఒడ్డు తాకింది. బాపు కూడా వీపు తిప్పే ఉన్నాడు. పుట్టి ఆగిన చప్పుడుకు తల కొంచెం వంచాడు. అడుగున నీళ్ళు ఉన్నాయని అతనికి తెలిసిపోయింది.

పటేలు అవతలి పొలాల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఇంత పొద్దువోయిందాంక ఏంది ఈరస్వామి? ఏమన్నయితే దేవిడీకి నేను జవాబు చెప్పుకోవాల్నా? ఇంగ బంద్. రేపటి సంది పుట్టి సీమోను కాడుంటది."

నేను తెడ్డు పట్టుకుని మోకాళ్ళ మీదే ఉన్నాను.

"రేపు గూడ గిదే పుట్టి," అంది దుల్హన్ పాషా.

గట్టిగా అనలేదు. కాని ఆ నీళ్ళ దగ్గర అందరికీ వినపడింది. నేను నేర్పిన మాటలే. జైనబ్బి చెయ్యి నోటికి పోయింది. మగవాళ్ళ వీపులు కదలలేదు. పటేలు మెడ మాత్రం కొంచెం బిగిసింది.

జవాబు రాలేదు. పరాయి మగవాళ్ళు వినకూడని గొంతు అది. జవాబిస్తే విన్నట్టు. విన్నట్టు ఒప్పుకోవడానికి ఆ కట్ట మీద ఎవరికీ ధైర్యం లేదు. ఆమె బురఖా దించుకుని, నా భుజం మీద చెయ్యి ఆనించి దిగి, బంగళాలోకి నడిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే మోటారు వచ్చింది. దుప్పట్లు పట్టారు. వాటి కింద అంచుల్లో ఆమె పాదాలు కనపడ్డాయి. చెప్పులు చేతిలో పట్టుకుందేమో, పాదాలకు లేవు. గొంతు సంగతి ఎవరైనా చెప్పారో, గాలి మార్పు గడువు తీరిందో తెలియదు. మళ్ళీ రాలేదు.

దసరా నాడు సీమోను పటేలు ముందు నిలబడ్డాడు. "మాటిచ్చినవ్ గద పటేలా. పుట్టి?"

పటేలు జమ్మి ఆకు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "రేపు గూడ గిదే పుట్టి అన్నరు గదరా."

"గది అయిపోయింది గద. ఎవలన్నరు?"

"ఎవలన్నరా? నువ్వినలేదా?"

సీమోను చుట్టూ ఉన్న వాళ్ళ ముఖాలు చూశాడు.

"నేనైతే ఇనలే," అన్నాడు పటేలు. "ఇననిదాన్ని నేనెట్ల ఎత్తెయ్యాలె? దేవిడీకి వోయి నువ్వే అడుగు."

సీమోను పోలేదు. ఆ పంటకు కల్లాల్లో మాకు గింజలు కొలిచారు. తర్వాతి పంటకూ కొలిచారు. తెడ్డు పట్టింది నేనే.

మరుసటి ఏడు వానలకు ముందు బాపు తోలు మార్చడానికి పుట్టిని విప్పాడు. ఎడమ చేత్తో పాత అతుకు తడుముకుంటూ పోయి ఒక చోట ఆగాడు.

"ఈ జానెడు ఎవలు గుట్టిన్రు?"

"నేనే."

"లోపలి దిక్కు నువ్వే. నాకెర్కే. బయట దిక్కు?" అన్నాడు. "ఇంత సన్నంగ మీ అమ్మ గూడ గుట్టలే."

నేను చెప్పాను. అతను చాలాసేపు ఆ కుట్ల మీద బొటనవేలు ఉంచాడు.

"ఇద్దరు తిన్నరా?"

"తిన్నం."

"ఏం తిన్నరు?"

"సీతాఫలం. ఒక్కటే."

బాపు ఆ ముక్కను కోయలేదు. మిగతా తోలంతా తీసేసి, ఆ జానెడు దాని చోటే ఉంచి, దానికి కొత్త తోలు కలిపి కుట్టాం. అతను బయట, నేను లోపల. చీకటి పడేముందు పుట్టిని బోర్లించాం. నేను గడ్డి తెచ్చేలోపు బాపు వంగి, తన తల రుమాలు నీళ్ళలో ముంచి, ఆ పాత అతుకు మీద కప్పాడు.